రంగు తెలియని లాంతరు

గిన్నెలకు మాట్లు వేసే మా బావగారికి చేతిలో డబ్బులాడని రోజులవి. అక్క పుట్టినరోజుకని పాత నూనెడబ్బా రేకుతో లాంతరు చేశారు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి చూసిన సినిమాలో నాయిక చేతిలో ఉండేది అచ్చం అలాంటిదే. కానీ దానికి ఏ రంగు వేయాలి? అది నలుపు తెలుపు సినిమా. రంగు తప్పితే అక్క ఆనవాలు పట్టదేమోనని ఆయన బెంగ.

మాటల్లో పెట్టి అక్కనే అడిగారు.

"ఆకుపచ్చ. ఆమాత్రం గుర్తులేదా?" అంది అక్క.

ఆయన ఆకుపచ్చే వేశారు.

పుట్టినరోజున ఆ లాంతరు కథ విని అక్క ఆడపడుచు నవ్వింది. "నలుపు తెలుపు సినిమాలో నీకు ఆకుపచ్చ ఎలా కనబడింది వదినా?"

అక్క బావగారి గోళ్ల సందుల్లో ఇంకా వదలని రంగు చూసింది.

"మీ అన్నయ్య పక్కన కూర్చున్నాను కదమ్మా, కనబడింది," అంది.

దేవుడికి దణ్ణం పెట్టుకుని లాంతరు వెలిగించింది.