పెరుగు ముందొచ్చిన పూట

మొన్న బళ్లారిలో మా మనవరాలి పెళ్లిలో, తెల్లబట్ట పరిచిన బల్లల వరుసకు మొట్టమొదటే, అల్లం, ఆవాల పోపు పెట్టిన పెరుగన్నం వాసన వేసింది. ఊరగాయ మా ఇంటినుంచే తెస్తానని, మంచినీళ్ల సీసాలు చిన్నవి చాలని, కేటరింగ్ అబ్బాయి చెప్పిన ధరను వాడికి ఏడుపొచ్చేదాకా కోసిందాన్ని నేనే. అంత బేరంలోనూ ఏ గిన్నె ముందు, ఏది వెనక అని మాత్రం అడగలేదు. పిల్లలు గులాబ్‌జామూన్ పక్కన పప్పు, పప్పు మీద నూడుల్స్ వేసుకుని తిరుగుతూ తింటున్నారు. నా కాళ్లు ఆ పెరుగు దగ్గరే ఆగిపోయాయి.

సిరుగుప్పలో మాది బియ్యం, శేంగాల అంగడి, శేంగాలంటే వేరుశనగలు. ముందు అంగడి, వెనక ఇల్లు. మామూలు రోజుల్లో జొన్నరొట్టె, గురెళ్ల పొడి, పచ్చి ఉల్లిగడ్డ. పండగొస్తేనే ఆకు పరిచి అన్నం. ఆ ఆకు మీద ప్రతిదానికీ చోటుండేది: మూలన ఉప్పు, పక్కన మామిడికాయ ఊరగాయ, పెసరపప్పు కోసంబరి, వంకాయ పల్యం, నిమ్మకాయ చిత్రాన్నం, నేతిలో మెరిసే ఓళిగ బొబ్బట్టు, ఆ తర్వాతే పొగలు కక్కే అన్నం, పప్పు, చారు, చిట్టచివర పెరుగు. పెరుగు వచ్చిందంటే తిని, ఆకు మడిచి, లేవడమే.

మా చిన్నత్త పెళ్లి ధాన్యం కరువు రోజుల్లో కుదిరింది. కాలువ కింద వరి పచ్చగానే ఉండేది కానీ, పెళ్లికైనా కొద్దిమందికి మించి అన్నం పెట్టకూడదని సర్కారు కట్టడి. దొరికితే బియ్యం పోతుంది, అంగడి లైసెన్సు పోతుంది, నాయన బళ్లారి జైలుకు పోతాడు. పిలవకపోతే పరువు పోతుంది. నాయన లెక్క వేసుకుని ఊరందరినీ పిలిచాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ క్యాంపులో స్థిరపడిన రైతు సుబ్బయ్యగారు అమ్మిన బియ్యం మూటలు శేంగా మూటల కింద దాగాయి.

పందిట్లో నాయన ప్రతి వరుస దగ్గరా వంగి చెప్పాడు: "జీపు వస్తే పెరుగు బకెట్టు తిప్పుతాము. అది కనపడతానే ఆకు మడిచి చేతబట్టుకుని, పెరటి దావన పోండప్పా."

ఆ పూట ఎవరూ మాట్లాడుకుంటూ తినలేదు. సన్నాయి ఆగిన ప్రతిసారీ చేతులూ ఆగేవి. నేను ఓళిగ కొరుకుతూ, వంటపాక గుమ్మంలో మూత పెట్టి ఉన్న ఆ బకెట్టునే చూస్తూ కూర్చున్నాను. అప్పుడే అన్నం పడింది, పప్పు ఇంకా సగం వరుస కూడా దాటలేదు. బకెట్టు లేచింది.

"ఇదేంటండీ, చారైనా రాకుండానే పెరుగా?" అన్నారు సుబ్బయ్యగారు, చెప్పిన గుర్తు మరిచి, గట్టిగా.

"లెయ్యప్పా సామీ, నీ చారు మళ్లా పోస్తా," అన్నాడు నాయన.

అందరూ లేచారు. కానీ నెలల తరబడి జొన్నలు, రాగులు తిన్న ఆ జనంలో, తెల్లటి అన్నం ఉన్న ఆకును మడవడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. వేళ్లు ఆకు అంచుదాకా పోయి వెనక్కి వచ్చాయి. ఎంగిలి చేతులతోనే అందరూ పెరటి దారి పట్టారు. ఆకులు వరుసల్లో తెరుచుకునే ఉన్నాయి, అన్నం ఆవిర్లు కక్కుతూనే ఉంది.

జీపు దిగిన సప్లై ఆఫీసరు చెప్పులు విప్పి, మెల్లగా వరుసల మధ్య నడిచాడు. ఎంతమంది తిన్నారని కన్నడంలో అడిగాడు. నాయన ఇంటివాళ్లమేనన్నాడు.

"ఇంటివాళ్లా? నూరుమంది లేరూ?" అని నవ్వాడు ఆఫీసరు.

మా అవ్వ, నాయనకు తల్లి, పుట్టినప్పటినుంచి గల్లాపెట్టె పక్కన బతికిన మనిషి, ఎదుటివాడు ధర చెప్తే ఊరుకోలేదు. "నూరు యాడుండారప్పా? నువ్వు మరీ జాస్తి చెప్తాండావు. అరవై చేసుకో!"

నాయన కళ్లు మూసుకున్నాడు. అవ్వ మాత్రం బేరం గెలిచినట్టే కాసేపు నిలబడింది. తర్వాత శేంగా మూటలు జరుపుతున్న చప్పుడు వినిపించి, మెల్లగా కింద కూర్చుంది.

నాయన జైలునుంచి తిరిగొచ్చాడు కానీ, మా అంగడి తలుపుల మీద వేసిన లక్క ముద్ర ఊడిరాలేదు. బతికినన్నాళ్లూ ఆయన చారన్నంతోనే చెయ్యి కడిగేవాడు. పెరుగు తెస్తున్న అమ్మ గాజుల చప్పుడుకే లేచిపోయేవాడు. ఆయనా లేడు, అవ్వా లేదు. ఓళిగలు ఇప్పుడు డబ్బాల్లో వస్తున్నాయి. ఏది ముందో ఏది చివరో ఎవరికీ పట్టదు. అదీ మంచిదేనేమో.

"అవ్వా, పెరుగన్నం వేయమంటావా?" అన్నాడు వడ్డించే అబ్బాయి, గరిటె ఎత్తి.

బయట గేటు దగ్గర ఏదో బండి ఆగింది. నా వేళ్లు ప్లేటు అంచు వెంట తడుముకుంటూ పోయాయి. మడవడానికి అక్కడ ఆకు లేదు.