హవల్దారు గారి పొద్దుటి రిపోర్టు

హవల్దారు ఏబేలు గారికి ఒకటే జబ్బు. ఊళ్లో జరిగిన సంగతులన్నీ మర్నాడు పొద్దున్నే చచ్చిపోయినవాళ్లకు చెప్పకపోతే ఆయనకు కాఫీ గొంతు దిగదు.

గిద్దలూరులో మా వీధి మలుపున, యుద్ధాల్లో పోయిన మా ప్రాంతపు జవాన్లు ఏడుగురి పేర్లు చెక్కిన మార్కాపురం పలకరాయి నిలబెట్టి ఉంది. పొద్దున ఆరు కొట్టేసరికి డెబ్బయ్యారేళ్ల ఏబేలు గారు ఇస్త్రీ చొక్కాకు పతకాలు తగిలించుకుని, దాని దగ్గర అటెన్షన్‌లో నిలబడి, కనిగిరిలో పడుకున్నవాళ్లు కూడా ఉలిక్కిపడే గొంతుతో మొదలుపెట్టేవారు.

“రిపోర్ట్, యల్లయ్యా. నిన్న కరెంటు నాలుగుసార్లు పోయింది, మూడుసార్లు వచ్చింది. జాకబ్ కోడలు అత్తమీద అలిగి దర్శికి బయల్దేరినాది, బస్సు దొరక్క తిరిగొచ్చినాది. రసూల్ హోటల్లో బిర్యానీ తిన్నా. బియ్యం హాజరు. మాంసం పరారీ.”

ఏడుగురుండగా యల్లయ్య ఒక్కడికే ఎందుకని అడిగితే “సీనియర్” అనేవారు. పేర్లున్న వైపు వదిలేసి రాతి వెనక నిలబడతారెందుకని అడిగితే “ముందర ఎండ” అనేవారు. అప్పటికి సూర్యుడు ఇంకా డ్యూటీ ఎక్కి ఉండడు.

ఈ ప్రసారాల ధాటికి మా వీధిలో మొగుడూ పెళ్లాలు సైగలతో పోట్లాడుకోవడం నేర్చుకున్నారు. చివరికి రసూల్ నా మీదికి వచ్చాడు. నేను స్మారక సంఘానికి కార్యదర్శిని. ఎందుకయ్యానో సంఘానికీ తెలియదు, నాకూ తెలియదు.

“నా బిర్యానీ సంగతి చచ్చిపోయినోళ్లకెందుకు సారూ? వాళ్లేమన్నా పార్సిల్ అడుగుతారా?”

“అడగరు.”

“అది విన్నాక బతికినోళ్లు కూడా అడగడంలేదు. ఆ మామను ఆపుతారా, నన్ను దుకాణం మూసుకోమంటారా?”

సంఘం అత్యవసరంగా సమావేశమై, ‘స్మారకచిహ్నం వద్ద వ్యక్తిగత వార్తాప్రసారం నిషిద్ధం’ అని ఏకగ్రీవంగా తీర్మానించింది. కాగితం అందించే వీరకార్యం నాకు పడింది.

ఆయన ఇంట్లో ఒక మంచం, ఒక కంచం, ఒక కుర్చీ. కుర్చీ నాకిచ్చి ఆయన నిలబడే చదివారు. రెండుసార్లు చదివారు.

“ఆర్డరు ఆర్డరే సార్. కానీ అలివేలమ్మకు తెల్లారినట్లు ఎట్ల తెలుస్తది?”

అలివేలమ్మ యల్లయ్య భార్య. డెబ్బయ్యొకటి యుద్ధంలో భర్త పోయిన నాటినుంచీ ఒంటరిగానే ఉంటోంది. రెండేళ్ల క్రితం తుంటి విరిగింది. ఆనాటినుంచి కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయడమే తప్ప గడప దాటలేదు. ఆమె కిటికీ సరిగ్గా ఆ రాతి వెనకవైపు తెరుచుకుంటుంది.

“చెల్లెలి కూతురు వచ్చి ఇంత వండి పోతది. ఇంకెవరన్నా పలకరించబోతే ‘నాకేం తక్కువాయె, పొండి’ అని తలుపేసుకుంటది. జాలిపడేటోళ్లంటే పడదు. నన్నూ తరిమినాది. అందుకే నేనామెకు ఏం చెప్పను సార్. ఆమె మొగునికి చెప్పుకుంటా. దానికి కాదనేదానికి లేదు గదా.”

నేను తీర్మానాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. మా సంఘం చరిత్రలో అమలు కాని తీర్మానాల సంఖ్య అలా ఇంకొకటి పెరిగింది. సంగతి విన్న రసూల్ గరిటె పక్కన పెట్టాడు.

“మామకు చెప్పు సారూ. నా హోటల్‌ను రోజూ తిట్టమను. ఆమె నవ్వేటట్లు తిట్టమను.”

పది రోజులకు ఏబేలు గారి గొంతు పూర్తిగా పడిపోయింది. తెల్లవారుజామున నా తలుపు తట్టి, ఆ రోజు రిపోర్టు రాసిన కాగితం చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించారు. ఆ మనిషి సెల్యూట్ చేయగా చూశాను కానీ చేతులు జోడించగా చూడటం అదే మొదలు.

ఆరింటికి రాతి వెనక నిలబడ్డాను. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన నోటితో మొదలుపెట్టాను.

“గౌరవనీయులైన యల్లయ్య గారికి నివేదించునది ఏమనగా, హవల్దారు గారి కంఠము అస్వస్థతకు గురియైనందున…”

కిటికీ రెక్క కిర్రుమంది. రెండేళ్లుగా వీధి వినని గొంతు వినబడింది. నాతో కాదు, రాతితో.

“ఏమయ్యో యల్లయ్యా, ఈ సారు ఏం చెప్తుండాడో నీకేమన్నా అర్థమాయెనా? ఏబేలుకు గొంతు పోయిందని ఒక్క ముక్కలో చెప్తే ఏంది? శొంఠి, మిరియాలు నా దగ్గరుండాయి. వచ్చి కషాయం తాగిపొమ్మని చెప్పు. తలుపు తీసిపెడతా అని చెప్పు.”

చెప్పాను. ఏబేలు గారు మళ్లీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, పతకాలు సరిచూసుకుని, పరేడ్‌లో నడిచినట్టు వీధి దాటి ఆ గడప ఎక్కారు.

ఆయనకు గొంతు లేదు కనుక ఆ రోజు మాటలన్నీ ఆవిడే మాట్లాడింది. రెండేళ్లవి నిలవ ఉన్నాయి మరి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటినా ఆయన బయటికి రాలేదు.