మామయ్య గదిలో కుర్చీ లేదు

పశువుల ఆసుపత్రిలో కొత్త ఆపరేషన్ థియేటర్ తెరిచిన రోజున గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ పిలుపు వెళ్లింది, మా మామయ్యకు తప్ప. అది కావాలని యాజమాన్యం చెవిలో జోరీగలా పోరుపెట్టింది ఆయనే. పెద్ద కుక్కల వెన్నును బారెడు కోయకుండా, వేలు పట్టనంత రంధ్రంలోంచి కెమెరా గొట్టం దించి, జారి నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను లాగేయడం అక్కడ ఆయనొక్కడికే వచ్చు. అయినా పిలవలేదు. విరాళమిచ్చిన పెద్దమనిషిని ఆయన ఒకప్పుడు నేల మీద పడుకోబెట్టాడు మరి.

ఆయన పిచ్చే అది. కుక్కను తెచ్చినవాళ్లనల్లా దాని పక్కన పడుకోబెడతాడు. గదిలో కుర్చీ లేదు. నమస్కారం పెట్టేలోపే "పడుకోండి" అంటాడు. లాయర్లు, లావుపాటి బ్యాంకు మేనేజర్లు, అందరూ బోర్లా. ఒకసారి మందుల కంపెనీ ప్రతినిధి చాలాసేపు పడుకుని, "సార్, నాకు కుక్క లేదు" అన్నాడట.

"ముందే చెప్పొద్దూ?" అన్నాడట మామయ్య, కోపంగా.

"బుద్ధున్నవాడెవడూ వాడి చేతికి కుక్కనివ్వడు," అనేవాడు మా నాన్న. నాన్న సోఫాలో కూడా ఇస్త్రీ నలక్కుండా నిటారుగా కూర్చుంటాడు. లోకంలో సగం పెద్దరికం ఇస్త్రీపెట్టెలోంచే వస్తుందని నా అనుమానం.

ఆ ఇస్త్రీని నలిపే హక్కు దూడంత ఉండే మా కుక్కకొక్కదానికే ఉంది. నాన్న గుమ్మంలోకి రాగానే ముందుకాళ్లు ఆయన భుజాల మీద వేసి ముఖం నాకేది. ఒక పొద్దున దాని వెనక కాళ్లు పడిపోయాయి. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న దాన్నీ, అమ్మనూ, నన్నూ ఎక్కించుకుని మామయ్య ఆసుపత్రికే కారు తీశాడు.

"పడుకో బావా," అన్నాడు మామయ్య.

"ముందు కుక్క సంగతి చూడు."

"ఇదీ దాని సంగతే."

"నీ వేషాలు బయటివాళ్ల దగ్గర వెయ్యి."

"అక్కా, బావ బట్టలు ఉతికేదెవరు?"

"నేనే," అంది అమ్మ. "పడుకోమను, పర్లేదు."

మెట్ల మీంచి బీరువా దించినట్టు నాన్న అంచెలంచెలుగా దిగాడు. కుక్క మెడ తిప్పింది. చూసింది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావన్నట్టు కళ్లజోడుతో సహా నాకేసింది.

"లేస్తుందా?" అన్నాడు నాన్న, నేల మీంచే.

"నా చెయ్యి మీద నాకు అనుమానం లేదు. లేవాలని దానికుండాలి. ఇప్పుడు ఉంది."

ఆపరేషనయ్యాక వెతికితే చొక్కా గుండీ అంత కుట్టు కనిపించింది. దాని నడుముకింద తువ్వాలు వేసి లేపుతూ, మిగతా వేళల్లో పక్కనే పడుకుంటూ, నాన్న ఇస్త్రీ సంగతే మరిచాడు.

పోయిన ఆదివారం మామయ్య ఇంటికొచ్చేసరికి కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. నాన్న నడుము పట్టేసి నేల మీద ఉన్నాడు.

"ఎందుకు పడుకోమంటావో ఆ విరాళం మనిషికి చెప్పొచ్చుగా మామయ్యా? థియేటర్‌కి పిలిచేవాడు," అన్నాను.

"చెప్తే బుర్రూపి నిలబడే ఉంటారురా. భుజాలెక్కి ముఖాలు చూసిన జీవం అది. పడిపోయాక దానికి మన చెప్పులే కనిపిస్తాయి. నావాళ్లేరీ అనుకోదూ?"

అంటూనే చొక్కా కూడా సర్దుకోకుండా నాన్న పక్కన చతికిలబడి, వెల్లకిలా వాలాడు.

"ఇటు తిరుగు బావా, నీ ముఖం కనబడ్డంలేదు."