గడియారంలో దొరికిన పురుగు

మొదటి చెట్టు నరికిన రోజు చెట్ల ఆఫీసరు నలుగురిలో గడియారాల బాబాయి మాట తీసిపారేశాడు.

"ఇది బూజు తెగులు కాదు సార్, ఆకుల మీది బుడిపెల్లో పురుగుంది" అన్నాడు బాబాయి. వీధి వీధంతా ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే. ఆఫీసరు రాలిన ఆకొకటి తీసి, దాని బుడిపెను గోటితో చీల్చాడు. ఖాళీ.

"ఏదయ్యా నీ పురుగు? నువ్వు గడియారాలు చూసుకో. చెట్లు మేం చూసుకుంటాం."

చుట్టూ ఉన్నవాళ్లు ఇకిలించారు. డిగ్రీ ఉన్నవాడు గోటితో గీరితే పరీక్ష, బడి మానేసినవాడు కళ్లారా చూస్తే చాదస్తం. గంటలో బాబాయి గడియారాల కొట్టు ముందున్న హ్యాక్‌బెర్రీ చెట్టు మొద్దుగా మిగిలింది. దాని పక్క చెట్టుకు వచ్చే సోమవారం ముహూర్తం పెట్టారు. ఇంతా చేసి, ఆ వీధిలో మరో రిపేరు కొట్టు లేక, ఆఫీసరు ఆగి ఆగి నడుస్తున్న తన చేతి గడియారాన్ని బాబాయి బల్ల మీదే పెట్టి వెళ్లాడు. శనివారానికి కావాలట!

రాలిన ఆకులో పురుగేముంటుంది? అది ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి పోయి ఉంటుంది. బాబాయి రెండో చెట్టు నుంచి పచ్చి ఆకులు కోసుకొచ్చాడు. ఒకదాన్ని బుడిపె పైకి వచ్చేలా బల్ల మీద పరిచి, పాత గోడ గడియారపు అద్దం బోర్లించి, అంచు చుట్టూ మైనం పూశాడు.

"ఆకుకి అద్దాల మేడ కట్టారు. నా వంటింటి కిటికీకి మాత్రం అద్దం వేయించరు" అంది పిన్ని.

"ఆగవే. లోపల కాపురముంటున్నదెవరో చూడనీ."

శుక్రవారం పొద్దున బుడిపెకు ఆవగింజంత రంధ్రం కనబడింది. పక్కనే నువ్వుగింజంత పురుగు. బాబాయి అద్దమెత్తి పట్టకారు చాపాడో లేదో, అది ఒక్క గెంతు గెంతి ఆఫీసరు గడియారం ముఖం మీద వాలింది. రిపేరుకని దాని అద్దం తీసి ఉంది. బాబాయి తటాలున అద్దం మూసేశాడు.

ఇక తీరిగ్గా కంటికి భూతద్దం బిగించాడు. కీచురాయికి మరుగుజ్జు తమ్ముడిలా ఉంది. రెక్కల మీద గోధుమరంగు మచ్చలు. పాత పుస్తకాల కొట్టులో కొన్న పురుగుల పుస్తకం తెరిస్తే అదే రెక్క, అదే బుడిపె. హ్యాక్‌బెర్రీ ఆకుల్లో పెరిగే పురుగట. రసం తాగుతుందే గానీ చెట్టు ప్రాణం తియ్యదట.

శనివారం ఆఫీసరు వచ్చాడు. "ఇదేంటయ్యా, ఆరు మీద ఏదో పాకుతోంది!"

బాబాయి భూతద్దం, పుస్తకం, ఒక పచ్చి ఆకు ముందుకు జరిపాడు. ఆఫీసరు ఈసారి గోటితో కాక బ్లేడుతో బుడిపె కోశాడు. లోపల తెల్లటి పిల్లపురుగు కదిలింది. "మరి ఆ మొదటి చెట్టు..." అంటూనే సంచిలోంచి సోమవారం రెండో చెట్టు నరకాలన్న కాగితం తీసి అడ్డంగా కొట్టేశాడు.

మరుసటి నెలే అతనికి బదిలీ అయింది. వాళ్లిద్దరూ కలవడం ఆ శనివారమే ఆఖరు. ఆ రోజు వెళ్లబోతూ ఆఫీసరు గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఎక్కడ పట్టావయ్యా దీన్ని?"

"మీరు చెప్పినట్టే గడియారాలు చూసుకుంటున్నాను సార్. అందులోనే దొరికింది."