కాసింబీ ఇంటి మీది గుట్ట

2023 వేసవి. తాడిపత్రి దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక, విరిగిన బండలూ పాలిష్ పొడీ పోసి పోసి పెద్ద గుట్టయింది. అది జారుతుందా లేదా అని కంప్యూటర్‌లో చూసి చెప్పడం నా పని. దీన్ని పార్టికల్ సిమ్యులేషన్ అంటారు. డ్రోన్ ఫోటోల నుంచి గుట్ట ఆకారం తీసుకుని, దాని నిండా చుక్కలు చల్లుతాం. ఏ చోటు ఏ చుక్కకు దగ్గరో చూసి గుట్టను గళ్ళుగా పంచుతాం. ఆ గళ్ళను వొరొనాయ్ సెల్స్ అంటారు. ఒక్కో గడి ఒక్కో రాయి అనుకుని, ఏ రాయి దేన్ని నెడుతుందో లెక్కగడతాం.

గుట్ట నిలుస్తుందని తేలింది. రిపోర్టు ఇచ్చే ముందు ఒకసారి చూసొద్దామని వెళ్ళాను. గుట్ట కిందే రేకుల ఇల్లు. అందులో ఉండే కూలీలు కాసింబీ, ఆమె భర్త మస్తాన్ గుట్ట అడుగు నుంచి బండలు లాగుతున్నారు. పక్కనే వాళ్ళ చిన్నపిల్ల ఆడుకుంటోంది.

"ఏం చేస్తాండారమ్మా?"

"మేకల దొడ్డికి గోడన్నా. అందరూ ఈడనే తీసుకపోతారు. పైన తీయల్లంటే ఎక్కల్ల. కిందైతే చేతికందుతాయి."

గుట్టను నిలబెడుతున్నవి ఆ బండలే. ఫోటోలు తీసినప్పుడు అవన్నీ అక్కడే ఉన్నాయి. కారులో కూర్చుని లాప్‌టాప్ తెరిచి, పోయిన బండల గళ్ళు తీసేసి మళ్ళీ నడిపించాను. తెర మీద గుట్ట కదిలింది, పారింది, వాళ్ళ గడప దగ్గర ఆగింది.

"ఈడ ఉండొద్దు. ఇప్పుడే ఖాళీ చేయల్ల" అన్నాను.

మస్తాన్ నవ్వాడు. "మేమొచ్చినప్పటి నుంచి ఉండాదన్నా ఈ గుట్ట. వాన చినుకే లేదు, ఎట్ల జారుతాది?"

కాసింబీ మాత్రం తెర మీదికి వంగింది. "మా ఇల్లు యాడుండాది ఇందులో?"

"ఈ నీలం డబ్బా. రాళ్ళు మీ గడప కాడికొచ్చి ఆగుతాయి."

మళ్ళీ చూపించమంది. చూసి మొగుడి వైపు తిరిగింది. "పిల్ల పండుకునేది గడప కాడనే గదా. మేకల్ని ఇప్పు."

యజమానితో మాట్లాడి, సాయంత్రానికి వాళ్ళను ఫ్యాక్టరీ ముందువైపు షెడ్డులోకి చేర్చాను. ఆ తర్వాత ప్రతిరోజూ భయమే. పడుతుందేమోనని భయం, పడకపోతే మస్తాన్ ఊరంతా నన్ను ఎగతాళి చేస్తాడని ఇంకో భయం.

పడింది. మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలని ఎండలో. వెళ్ళి చూస్తే ఇల్లు లేదు. రాళ్ళు దాన్ని దాటి వెనక దారి దాకా పోయాయి. పాలిష్ పట్టిన ముక్కలు నేను లెక్కలో అనుకున్నదానికన్నా నున్నగా ఉండి, ఎక్కువ దూరం జారాయి.

కాసింబీ పిల్లను చంకనేసుకుని నిలబడింది. "గడప కాడ ఆగుతాదంటివి గదన్నా" అంది. ఆ గొంతులో కోపం లేదు, భయముంది.

అప్పటి నుంచి తెర మీద రాళ్ళు ఆగిన చోటును నేను నమ్మను. దానికి అవతల ఎవరు పడుకుంటారో వెళ్ళి అడిగాకే సంతకం పెడతాను.