ధ్యానం గుట్ట కింద మూడో బోరు

1984 వేసవిలో నన్ను హనుమకొండకు బదిలీ చేశారు. నేల లోపలి నీటిని వెతికే ప్రభుత్వ విభాగంలో నేను అసిస్టెంట్ జియాలజిస్టును. అప్పట్లో మా ఆఫీసు నుంచి ఫీల్డుకు వెళ్లే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఊరు తీర్మానం చేసి పంపితే మేము వెళ్లి, నేల పరీక్షించి, పాయింటు పెట్టాలి. అంటే బోరు వేయవలసిన చోట రాయి పాతి గుర్తు పెట్టాలి. తర్వాత బోరు వేసే రిగ్గు వస్తుంది. నీళ్లు పడితే ఊరంతా రిగ్గు డ్రైవరుకు దండ వేస్తుంది. పడకపోతే పాయింటు ఎవరు పెట్టారని అడుగుతుంది.

చేరిన కొద్ది రోజులకే మా డిప్యూటీ డైరెక్టరు వర్ధన్నపేట అవతల ఉన్న ఒక ఊరి ఫైలు నా చేతికిచ్చారు. ఊరి పక్క గుట్ట మీద చిన్న బౌద్ధ విహారం ఉంది. ఎక్కడెక్కడి జనమో వచ్చి అక్కడ రోజుల తరబడి మౌనంగా ధ్యానం చేసి వెళ్తుంటారు. చుట్టుపక్కల దాన్ని ధ్యానం గుట్ట అంటారు. ఆ ఏడు గుట్ట మీది బావి ఎండిపోయింది. ఊరి మంచినీళ్ల బావి నుంచి కావళ్లతో మోయిస్తుంటే అదీ అడుగంటింది. గుట్టకు నీళ్లు బంద్ చేయాలని ఊళ్లో పంచాయితీ మొదలైంది. నీళ్లు ఆగితే ధ్యాన శిబిరాలు మూసేయక తప్పదు. అప్పటికే రెండు బోర్లు వేశారు. ఒకటి విహారం మెట్ల పక్కన, రెండోది సర్పంచ్ ఇంటి ముందు. రెండింటిలోనూ దుమ్ము తప్ప మరేమీ రాలేదు. మూడోదీ పోతే ఆ ఊరికి ఇక రిగ్గు పంపేది లేదనీ, నన్ను ఫీల్డు నుంచి తీసి మ్యాపులు గీసే సీట్లో కూర్చోబెడతాననీ డిప్యూటీ డైరెక్టరు దాపరికం లేకుండా చెప్పారు.

విహారానికి వెళ్లేసరికి శిబిరం నడుస్తోంది. భంతే, అంటే అక్కడి పెద్ద భిక్షువు, ధ్యానంలో ఉన్నారు. గేటు దగ్గరి మనిషి పెదాల మీద వేలు పెట్టుకొని, అరుగు చూపించి కూర్చోమన్నాడు. లోపల హాల్లో ముప్పై నలభై మంది కళ్లు మూసుకొని ఉన్నారు. ముందు వరసలో ఒక పెద్దాయనకు మోకాళ్లు వణుకుతున్నాయి, అయినా కదలడం లేదు. మాట్లాడడానికి లేదు, తిరగడానికి లేదు. జీపులో వచ్చిన తొందరంతా మెల్లగా దిగిపోయింది. నాకు కళ్లు మూసుకోవడం చేతకాక కింది నేలను చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి కనిపించింది. గుట్టకూ ఊరికీ మధ్య, చేలకు అడ్డంగా, నల్ల గుండ్ల వరుస ఒకటి తిన్నగా సాగుతోంది. మా భాషలో దాన్ని డైక్ అంటారు. గ్రానైటును చీల్చుకొని గోడలా నిలబడిన నల్లరాయి అది. గుట్ట మీది నుంచి నేలలోకి ఇంకిన నీటిని ఆ గోడ ఆపగలదు. గోడకు గుట్ట వైపున తుమ్మచెట్లు ఆ ఎండలోనూ పచ్చగా ఉన్నాయి. ఊరి వైపున ఒక్క పచ్చని కొమ్మ లేదు. ముందు వేసిన బోర్లలో ఒకటి ఉత్త బండ మీద పడింది, ఇంకొకటి గోడకు అవతల, ఊరి వైపు పడింది.

భంతే బయటికి వచ్చారు. ఒకప్పుడు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి వదిలేసిన మనిషి. సర్వేకు గడ్డపారల చప్పుడు తప్పదని, ధ్యానానికి ఇబ్బందేమోనని చెప్పాను.

"వీళ్లు నోరు బంద్ చేసిన్రు గని చెవులు బంద్ చెయ్యలే. నీ పని నువ్వు చేస్కో బిడ్డా," అన్నారు. కింది ఊరిని చూపిస్తూ, "నీళ్లు ముందుగాల ఊరికి పడాలె. మేమైతే మూట సదురుకొని ఎవలింటికి వాళ్లం పోతం. వాళ్లెటు పోతరు?" అన్నారు.

మర్నాడు నేలలోకి కరెంటు పంపి పరీక్ష చేశాం. గట్టిరాయి కరెంటును అడ్డుకుంటుంది, తడిసిన రాయి పోనిస్తుంది. మామూలుగా మావాళ్లు తీగల రెండు కొసల నుంచీ కేకలేసుకుంటారు. ఆ రోజు శిబిరానికి అడ్డు రాకుండా ఎర్రగుడ్డ ఊపి సైగలతో పని నడిపించారు. లెక్కలు నేను చూసిన గోడనే చూపించాయి. పాయింటు గోడకు గుట్ట వైపున, ఊరి బంచరాయిలో, పశువులు మేసే ఉమ్మడి నేలలో పడింది.

సర్పంచ్ మల్లయ్య ఒప్పుకోలేదు. "గొడ్లు తిరిగే జాగల బోరేస్తే ఎవలు తాగాలె మేడం? ఊరి నడుమ ఎయ్యిండ్రి," అని పట్టుబట్టాడు. అతన్ని గుట్ట ఎక్కించి, నల్ల గుండ్లను వేలితో చూపించాను. అతను ఆ వరుస వెంట తుమ్మచెట్ల దాకా చూసి, "సరే, ఎయ్యిండ్రి. పడకపోతే మాత్రం ఊరోళ్లకు మీరే జవాబియ్యాలె," అన్నాడు.

రిగ్గు వచ్చింది. డ్రిల్లరు యాకూబ్ రాడ్డు మీద రాడ్డు దించుతుంటే తెల్లదుమ్ము లేస్తూనే ఉంది. మంజూరైన లోతు అయిపోయింది. అంతకు మించి పోవాలంటే అక్కడున్న జియాలజిస్టు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి.

"మేడం, జర సోంచాయించుండ్రి. గీ రాయిల ఏం లేదు. ఉత్తగ రాయి తొలిచే బిట్టు ఖరాబైతది," అన్నాడు యాకూబ్.

నేను దుమ్ము దోసిట్లోకి తీసుకున్నాను. తెల్లపొడిలో తుప్పు రంగు పలుకులు కలుస్తున్నాయి. రాతి పగుళ్లలో నీరు తిరిగితేనే ఆ రంగు వస్తుంది. సంతకం పెట్టాను.

ఇంకో రాడ్డు సగం దిగిందో లేదో దుమ్ము ఆగిపోయింది. తడి ముద్దలు ఎగిరిపడ్డాయి. లోపల రాయిని కొట్టే హ్యామర్ చప్పుడు మొద్దుబారింది. మరుక్షణం తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచాయి. "పడ్డయ్ మేడం! పానీ! పానీ!" అంటూ యాకూబ్ మీటలు వదిలేసి గంతులేశాడు. ఊరు ఊరంతా ఉరికొచ్చింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని ఆ వానలోనే నిలబడ్డారు. నీటి ధారను కొలిచే పలక పెట్టాం. దాని అంచు మీదుగా నీళ్లు పొంగి పొర్లడంతో కొలత అందలేదు. నా సర్వీసులో అలా జరగడం అదే మొదలు.

గుట్ట మీద శిబిరం వాళ్లంతా బయటికొచ్చి, నోరు మెదపకుండా చేతులు పైకెత్తి నిలబడ్డారు. భంతే స్వయంగా గంట కొట్టారు. "ఈ పూటకు మౌనం లేదు!" అని గట్టిగా అన్నారు. అందరికంటే ముందు కేక పెట్టింది ఆ మోకాళ్లు వణికిన పెద్దాయనే. ధ్యానం చేసేవాళ్లు కిందికి ఉరికొచ్చి, గొర్రెలు కాసేవాళ్లతో కలిసిపోయి తడిశారు. మల్లయ్య ఒక బిందె నింపి భుజానికెత్తుకొని, ఎవరికీ ఇవ్వకుండా తానే విహారం మెట్లెక్కాడు.

తర్వాతి వారం డిప్యూటీ డైరెక్టరు జీపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బోరు చూడ్డానికి వచ్చారు. ఎదురుగా ఏమీ పొగడలేదు గానీ ఆ వేసవిలో మిగిలిన పాయింట్లన్నీ నాకే అప్పగించారు. బంచరాయి నుంచి ఊరికో పైపు, గుట్టకో పైపు వేశారు. శిబిరాలు ఆగలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ ఊరు వెళ్లినా, నీళ్లు ఎవరికి కావాలని నేను ముందు అడగలేదు. అడిగితే పాయింటు అడిగినవాళ్ల గడప వైపు జరుగుతుంది. ముందు రాయి ఎటు సాగిందో చూసేదాన్ని, ఇళ్లు ఎక్కడున్నాయో తర్వాత చూసేదాన్ని. దూరానికి పైపు వేయొచ్చు. నీళ్లు లేని చోట వేసిన బోరుకు మాత్రం ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు.