నోరు విప్పని డిగ్రీకి నేను గీసిన ప్లాను

ముందే హెచ్చరిస్తున్నాను. ఇందులో ఒక పెద్దమనిషి తన కొంపకు తానే నిప్పంటించుకుని, ఆ మంటను చూడ్డానికి రమ్మని ఊరందరినీ రేడియోలో పిలుస్తాడు. ఆ పెద్దమనిషిని నేనే. మీరు నిక్షేపంగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆదివారం పొద్దున లేస్తే అరచేతులు చల్లబడతాయి.

నేను పుదుచ్చేరి పక్కనున్న మేట్టుపాళయంలో ఒక సబ్బుల ఫ్యాక్టరీ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ సరుకు ఎప్పుడు ఏ మిషనెక్కాలో కాగితం మీద గళ్ళు గీసి చెప్పడం నా ఉద్యోగం. చెప్పడమంటే రాసి చెప్పడం. నోటితో కాదు. నలుగురి ముందు లేచి మాట్లాడాలంటే నాకు ప్రాణభయం. నాలుక ఎండుచేపలా అంగిట్లో అతుక్కుపోతుంది. నా రిటైర్మెంటు సభలో "రెండు మాటలు చెప్పండి సార్" అని మైకు చేతికిస్తే, "రెండు మాటలు" అని చెప్పి కూర్చున్నాను. వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

అలాంటివాణ్ణి కమ్యూనికేషన్ డిగ్రీలో ఎందుకు చేరానని మీరు అడగాలి. మా ఆవిడ సరోజ వల్ల చేరాను. రిటైరైన వారంలోనే వంటింటి డబ్బాలన్నీ వాడకం వరసలో సర్దిపెట్టాను. ఆ పూట ఆమెకు పసుపు దొరకలేదు, ఇంగువ దొరకలేదు. నేను దొరికాను.

"ఏమండీ, మీరు యాడికన్నా పోండి."

"యాడికి పోయేది?"

"యాడికో ఒగ చోటికి. ఫ్యాక్టరీకి పోయినట్టే పొద్దున పోయి సాయంత్రం రండి. నా వంటింట్లో మీ ప్లానింగ్ వద్దు సామీ."

మా ఊళ్ళో ఒక కాలేజీ వాళ్ళు వయసుతో పనిలేకుండా బీఏ కమ్యూనికేషన్ స్టడీస్‌లో చేర్చుకుంటున్నారని తెలిసింది. పెళ్ళినాటి నుంచి రోజూ డైరీ రాసేవాణ్ణి, కమ్యూనికేషనంటే రాయడమే కదా అనుకున్నాను. చదవేస్తే ఉన్నమతి పోయిందంటారు. నాకు చదువు దాకా కూడా ఆగలేదు, దరఖాస్తు దగ్గరే పోయింది.

అక్కడి పద్ధతేమిటంటే, మూడేళ్ళలో ఏ పేపరు ఎప్పుడు తీసుకోవాలో ఎవరి ప్లాను వాళ్ళే గీసుకుని, సలహాదారు చేత సంతకం పెట్టించుకోవాలి. ప్లాను అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. స్కేలూ పెన్సిలూ తీసి, సబ్బుల ఫ్యాక్టరీ సిగ్గుపడేంత అందంగా గళ్ళు గీశాను. పత్రికల చరిత్ర, మీడియా చట్టాలూ నీతులూ, పరిశోధన పద్ధతులు, శ్రోతల అధ్యయనం. అన్నీ కూర్చుని చదివి, కూర్చుని రాసేవే.

నా సలహాదారు కయల్విళి మేడం. మా చిన్నమ్మాయి వయసు. నా చార్టు చూసి ముచ్చటపడి, ఆ వెంటనే నొసలు ముడిచింది. ఆమె తమిళంలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"గోవిందరాజులు సార్, ప్రదర్శన పేపరు ఏదీ?"

"ప్రదర్శనా?"

"ఉపన్యాస కళ, వీధినాటకం, టీవీ యాంకరింగ్, కమ్యూనిటీ రేడియో. ఈ నాలుగింట్లో ఒకటి తప్పనిసరి. అది లేకుండా డిగ్రీ రాదు."

నా వెన్నులో చీమల బారు బయల్దేరింది. "చివరి సెమిస్టర్లో పెడతాను మేడం," అన్నాను. ఫ్యాక్టరీలో మొరాయించే మిషనును ఎప్పుడూ షిఫ్టు చివరికే నెట్టేవాళ్ళం. ఈలోగా అది పాడైపోవచ్చు, లేదా మన షిఫ్టు అయిపోవచ్చు. మూడేళ్ళలో విశ్వవిద్యాలయం మనసు మార్చుకోదా?

మార్చుకోలేదు. చివరి సెమిస్టరు పులిలా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళి మా ఇంటి భాష సంగతి చెప్పాలి, లేకపోతే నా తెలివితక్కువతనం లోతు మీకు అందదు. మా పూర్వీకులు ఎప్పుడో ఈ పుదుచ్చేరి వైపు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం తమిళం కలుపుకుని. బడిలో చదివింది మాత్రం తమిళం. అక్షరాలు నేర్పిన తాత నాకున్నాడు కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. సరోజకు రాదు, ఆమె అన్నకు రాదు, మా వీధిలో తెలుగు మాట్లాడే వాళ్ళెవరికీ రాదు. అందుచేత నా డైరీ బల్ల మీద తెరిచి పడున్నా నాకు దిగులుండేది కాదు. గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంటి గోడలకు చెవులున్నాయి గానీ, అక్షరాలు రావు. అలా ఏళ్ళ తరబడి నా బుర్రలో ఒక నమ్మకం గడ్డకట్టింది. తెలుగంటే తాళం వేసిన బీరువా!

ఆ బీరువాలో దాచింది ప్రధానంగా ఒక్కటే. నెత్తళ్ళ పులుసు. చిటికెన వేలంత చేపలతో మా ఆవిడ ప్రతి ఆదివారం పెట్టే పులుసు. అది పోయిన మా అత్తగారి చేతి వంట. సరోజ ఆ కుండ దించేటప్పుడు వాళ్ళమ్మనే దించుకుంటున్నట్టుంటుంది. నాకేమో ఆ వాసనకు పెళ్ళినాడే కడుపులో తిప్పింది. చెప్పడానికి భయమేసి, "అద్భుతం" అన్నాను. అదే నేను చేసిన నేరం. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం ఆమె మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళగానే, నా చేపలన్నీ పక్కనున్న బావ కంచంలోకి వలస పోయేవి. బావంటే సరోజ అన్న దండపాణి, తట్టాంచావడిలో లేత్ పట్టరై, అంటే వర్క్‌షాపు, నడుపుతాడు. ఆయన పెదవి విప్పేవాడు కాదు. నోట్లో చేపలుండగా ఎలా విప్పుతాడు?

సరే, ప్రదర్శన పేపరు దగ్గరికొద్దాం. రాత్రంతా ఆలోచించి మహత్తరమైన ఉపాయం కనిపెట్టాను.

"మేడం, కమ్యూనిటీ రేడియో తీసుకుంటాను. తెలుగులో మాట్లాడొచ్చా?"

"తెలుగులోనా? మన స్టేషన్లో ఎవరూ మాట్లాడలేదు సార్! భలే!"

ఆమె భలే వేరు, నా భలే వేరు. ఈ తమిళ ఊళ్ళో తెలుగెవడికి అర్థమవుతుంది? శూన్యంలో మాట్లాడి మార్కులు పట్టుకుపోతాను. మనవి చేస్తున్నాను, అప్పటికి శ్రోతల అధ్యయనంలో క్లాసు ఫస్టు నేనే.

ఇంట్లో "ఒక పరీక్ష ఉంది" అని మాత్రం చెప్పి బయల్దేరాను. స్టూడియో ఒక చిన్న గది. తలుపు మూస్తే బయటి ప్రపంచం చచ్చిపోయినంత నిశ్శబ్దం. 'ఫ్యాక్టరీలలో ప్రణాళిక' అనే ప్రసంగం శుభ్రంగా రాసుకొచ్చాను. మేడం వచ్చి ఆ కాగితాలు లాగేసుకుంది.

"కాగితం చప్పుడు మైకు పట్టేస్తుంది సార్. ఊరికే మాట్లాడండి."

"ఊరికేనా? ఏం మాట్లాడను? మేడం, నాకు బీపీ..."

"మీకు ఎవరి దగ్గర భయం వెయ్యదో, వాళ్ళతో మాట్లాడుతున్నాననుకోండి."

ఆమె అద్దం అవతలికి వెళ్ళిపోయింది. ఎర్రదీపం వెలిగింది. నా గుండె చప్పుడు మైకు పట్టేస్తుందేమోనని కొత్త భయం పుట్టింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఎవరి దగ్గర భయం లేదు నాకు? భార్య దగ్గరుంది. బావ దగ్గరుంది. మేనేజర్ల దగ్గర సరేసరి. ప్రపంచంలో నేను భయపడకుండా మాట్లాడేది ఒక్క నా డైరీతోనే.

కళ్ళు మూసుకున్నాను. నాలుక తనంతట తనే కదిలింది.

"ఆదివారం. పొద్దున మబ్బు. సముద్రపు గాలి. మళ్ళీ నెత్తళ్ళ పులుసు..."

ఆ తర్వాత నన్నాపడం ఎవరి తరమూ కాలేదు. ఇన్నేళ్ళ మౌనం గట్టు తెగిన ఏరులా పారింది. వాసన వర్ణించాను. కంచం వంచే ఒడుపు వర్ణించాను. సరోజ అడుగుల చప్పుడును బట్టి ఎన్ని చేపలు దాటించవచ్చో విశ్లేషించాను. బావ మూతి తుడుచుకునే తీరును అనుకరించి చూపించాను. జీవితంలో మొదటిసారి భయం లేకుండా మాట్లాడాను, అదీ చేతులూపుతూ! దీపం ఆరాక కళ్ళు తెరిస్తే, అద్దం వెనక మేడం ఆనందంతో గంతులేస్తోంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం.

బయటికి రాగానే ఫోను మోగింది. బావ.

"ఏం మాప్ళే!" చెల్లెలి మొగుణ్ణని నన్నలాగే పిలుస్తాడు. "నా ఆదివారం పొట్ట కొట్టేసినావే!"

"నీకెట్ల తెలిసింది బావా?"

"ఎట్లనా? మీ మేడం ముందే వాట్సాప్‌లో అందరికీ పంపించింది గదా, 'మన రేడియోలో మొదటి తెలుగు కార్యక్రమం' అని! పట్టరైలో మిషన్లన్నీ నిలిపి విన్నాం. మన వీధోళ్ళందరూ విన్నారు. ఏం మాప్ళే, మాకు చదివేదే గదా రాదు? చెవులు కూడా లేవనుకున్నావా?"

అప్పుడు, ఆ వరండాలో, నా తెలివి ఎంతో నాకు పూర్తిగా అర్థమైంది. తాళం ఉన్నది అక్షరానికి. మాటకు కాదు. బీరువాకు తాళం వేసి, బట్టలన్నీ నడివీధిలో ఆరేసుకున్నాను.

"సరోజ?" అన్నాను.

"వినింది."

ఇంటికి ఎలా చేరానో తెలియదు. సముద్రంలోకి నడిచిపోవడం ఎంత సులభమో ఆలోచిస్తూ, ఈత రాకపోవడం మొదటిసారి సౌకర్యంగా తోచి, చివరికి ఆ నీటిక్కూడా భయపడి ఇంటికే నడిచాను. సరోజ గుమ్మంలో కూర్చుని ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పులుసు నచ్చకపోతే పోనీ," అంది. "నాతో చెప్పలేదే. ఊరికి చెప్పినారు. నా ముందర మాట్లాడేదానికి కూడా మీకు భయమా?"

"భయమే," అన్నాను. ఆ ఒక్క మాటా ఆ రోజు నేను చెప్పిన అన్ని మాటలకన్నా బరువుగా వచ్చింది.

ఆమె లేచి కొంగు దులుపుకుంది. "సరి. మీ నీతుల పరీక్షకి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతా వల్లించినారే, గుర్తుండాదా? 'ఎవురి గురించన్నా రేడియోలో ఏమన్నా అంటే, అదే మైకులో, అంతే సేపు, తిరిగి చెప్పే హక్కు వాళ్ళకి ఉండాది' అని? వినీ వినీ నాకు నోటికొచ్చేసింది. నా సేపు నాకు కావాల."

నేను ఏరి కోరి, క్షేమమని పెట్టుకున్న పేపరది! పెంచిన పిల్లి నా బొచ్చెలోనే మూతి పెట్టింది.

మేడం ఎగిరి గంతేసింది. "ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఉంటుందా సార్! కంట్రోలు బోర్డు మీరే చూసుకోండి, దానికీ మార్కులున్నాయి." నా మీద విసిరే రాళ్ళను నేనే ఏరి అందించాలన్నమాట.

వారం తిరక్కుండానే అద్దం అవతల సరోజ, ఇవతల నేను. నాకు చెమటలు. ఆమె మాత్రం పక్కింటి పిట్టగోడ దగ్గర నిలబడినంత తీరికగా మైకు వైపు తిరిగింది.

"అందరికీ వణక్కం. నేను సరోజ. పులుసామె." పట్టరైలో ఈల వేసి ఉంటారు. "మా ఆయన చెప్పిందంతా నిజమే. పులుసు గురించి నాకు కోపం లేదు. మా అన్న తిన్నాడు, యాడికీ పోలే. కానీ ఈయన పెళ్ళైన కాడ్నుంచి దినామూ ఏందో రాస్తానే ఉండాడు. నేను మాట్లాడేదీ తెలుగే, ఆయన రాసేదీ తెలుగే. నాకు ఒగ ముక్క తెలీదు. పులుసు గురించే ఇంత ఉంటే, అందులో ఇంకా ఏమేం ఉండాదో! ఎవురికన్నా తెలుగు చదివేది వస్తే మా ఇంటికి రండి, నాకు నేర్పించండి. ఆదివారం నెత్తళ్ళ పులుసుతో అన్నం పెడతా. ఈయన వంతు కూడా మీకే!"

బోర్డు మీద నా వేలు సరిగ్గా ఆమె గొంతు మీటమీదే ఉంది. కిందికి లాగితే ఆ ఆహ్వానం గాల్లోకి వెళ్ళేది కాదు. లాగలేదు. నీతి అనుకునేరు, భయానికి వేలు కొయ్యబారిపోయింది.

ఈ ఊళ్ళో తెలుగు పంతుళ్ళెవరున్నారులే అని గుండె చిక్కబట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన రిటైర్డ్ టీచరు, సత్యవతిగారు. చేతిలో పలక.

"వీధి మొదట్లోకే వాసనొచ్చేసిందండీ, ఇల్లెవర్నీ అడగక్కర్లేకపోయింది," అన్నారావిడ నవ్వుతూ. బావ తన కంచాన్ని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ప్రదర్శన పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. 'బొత్తిగా భయం లేని వక్త' అని మేడం రాసింది. ఆ కాగితాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

కనుక, పుదుచ్చేరి సముద్రం మీదా, సబ్బుల ఫ్యాక్టరీ మీదా, మా అత్తగారి పులుసు కుండ మీదా ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఇంట్లో చెప్పాల్సింది మైకులో చెప్పను. మైకులో చెప్పకూడనిది డైరీలో రాయను. ఇన్నేళ్ళ డైరీలను ఏం చెయ్యాలో మాత్రం ఇంకా ప్లాను గియ్యలేదు. సరోజకు అక్షరాలూ గుణింతాలూ అయిపోయాయి, ఈ వారమే ఒత్తుల్లోకి దిగింది. అయినా తొందరేముంది, ఒత్తులు కష్టం, వాటికి చాలా కాలం...

"నె... త్త... ళ్ళ... ఏమండీ, ఆగండి, పేజీ తిప్పొద్దు!"